విండోస్ పక్కన లినక్స్: పార్టిషన్ల దగ్గర ఇరుక్కోకుండా వేసుకోవడం ఎలా

లినక్స్ వేద్దామని కూర్చున్నవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది డిస్క్‌ని పార్టిషన్లుగా, అంటే విడి భాగాలుగా, పంచే స్క్రీన్ దగ్గర. డిస్కే కనిపించదు. కనిపించినా అందులో విండోస్ ఉన్నట్టు చూపించదు. లేదంటే ఖాళీ చేసిన జాగా పక్కన ‘అన్‌యూజబుల్’ అని రాసి ఉంటుంది. అక్కడికొచ్చాక ఇన్‌స్టాలర్‌లో ఏ బటన్ నొక్కినా లాభం లేదు. ముడి పడింది అంతకుముందే, విండోస్‌లో. అందుకే కింద రాసినదాంట్లో దాదాపు సగం విండోస్‌లో చేయాల్సిన పనే.

ఈ దశలు విండోస్ 10 లేదా 11 పక్కన ఉబుంటు 24.04 గానీ, లినక్స్ మింట్ గానీ వేసుకునేవాళ్లకి. మెనూ పేర్లూ కమాండ్లూ పలికినట్టే రాశాం. కొట్టేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి.

1. ముందు కాగితం, పెన్ను

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. అందులో కనిపించే గళ్లను (ఒక్కో గడి ఒక్కో పార్టిషన్) ఎడమ నుంచి కుడికి, సైజులతో సహా కాగితం మీద గీసుకోండి. ఫోన్‌లో ఫొటో తీసినా సరే, కానీ గీస్తే బాగా గుర్తుంటుంది. తర్వాత ఇన్‌స్టాలర్ చూపించేదాన్ని దీంతోనే పోల్చాలి. రెండూ కలవకపోతే ముందుకు వెళ్లకూడదు.

512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న మామూలు లాప్‌టాప్‌లో ఉండేవి ఇవి:

- ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్: 100 నుంచి 260 ఎంబీ దాకా. రెండు సిస్టమ్‌ల బూట్ ఫైళ్లూ ఉండేది ఇందులోనే.
- మైక్రోసాఫ్ట్ రిజర్వ్‌డ్: 16 ఎంబీ. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనిపించదు, లినక్స్‌లో కనిపిస్తుంది. కొత్తగా ఏదో పుట్టుకొచ్చిందని కంగారుపడి తీసేయకండి.
- సి డ్రైవ్, ఉంటే డి డ్రైవ్.
- చివర్లో రికవరీ పార్టిషన్: కొన్ని వందల ఎంబీ, కొన్నిట్లో అంతకంటే ఎక్కువ.

సైజుల దగ్గర ఒక తికమక ఉంది. 512 జీబీ డిస్క్‌ని విండోస్ 476 జీబీ అంటుంది, 1 టీబీ అయితే 931 జీబీ అంటుంది. విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, లినక్స్ ఇన్‌స్టాలర్లు ఎక్కువగా 1000 చొప్పున లెక్కేస్తాయి. అందుకే విండోస్‌లో మీరు ఖాళీ చేసిన 100 జీబీ ఇన్‌స్టాలర్‌లో 107 జీబీగా కనిపిస్తుంది. 80 జీబీ అయితే దాదాపు 86. కాగితం మీద రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి.

ఇంకో రెండు సంగతులు కూడా కాగితం మీదకి ఎక్కాలి.

- డిస్క్ పద్ధతి: డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎడమవైపు ‘డిస్క్ 0’ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, వాల్యూమ్స్ ట్యాబ్. పార్టిషన్ స్టైల్ దగ్గర జీపీటీ అనో ఎంబీఆర్ అనో ఉంటుంది. పార్టిషన్ల పట్టిక రాసే కొత్త, పాత పద్ధతులు ఇవి.
- బూట్ పద్ధతి: స్టార్ట్‌లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ వెతికి తెరిస్తే బయాస్ మోడ్ దగ్గర యూఈఎఫ్ఐ లేదా లెగసీ అని ఉంటుంది. మెషీన్ బూట్ అయ్యే, అంటే లేచే, కొత్త, పాత పద్ధతులు ఇవి.

జీపీటీ, యూఈఎఫ్ఐ అయితే నేరుగా రెండో దశకి వెళ్లండి. ఎంబీఆర్, లెగసీ అయితే పెన్‌డ్రైవ్ నుంచి కూడా లెగసీలోనే బూట్ చేసి వేయాలి. లేదా ముందు విండోస్‌నే జీపీటీకి మార్చుకోవాలి (ఆరో దశలో ఉంది). సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ, మరెక్కడైనా గానీ సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నవాళ్లు ఈ రెండు సంగతులూ తప్పకుండా చూసుకోండి. పాత మెషీన్లో కొత్త విండోస్ లెగసీ మోడ్‌లో వేసి ఉండడం మామూలే. స్టిక్కర్ మీద విండోస్ 10 అని ఉన్నంత మాత్రాన లోపల జీపీటీ ఉందనుకోకూడదు.

2. విండోస్‌లో చేయాల్సినవి, ఈ వరుసలోనే

*బ్యాకప్.* పోతే ఏడవాల్సినవన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. అదే డిస్క్‌లోని డి డ్రైవ్‌లో పెట్టుకున్నది బ్యాకప్ కాదు. కాపీ అయ్యాక ఆ హార్డ్ డిస్క్ తీసి పక్కన పెట్టేయండి. ఇన్‌స్టాలేషన్ సమయంలో అది తగిలించి ఉంటే దాన్నే చెరిపేసే ప్రమాదం ఉంది.

*బిట్‌లాకర్.* డిస్క్‌లోని డేటాకి తాళం వేసి ఉంచే ఏర్పాటు ఇది. విండోస్ హోమ్ ఎడిషన్‌లో దీని పేరు డివైస్ ఎన్‌క్రిప్షన్. మీరు ఆన్ చేయకపోయినా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ చేస్తే చాలా కొత్త లాప్‌టాప్‌లలో దానంతట అదే ఆన్ అవుతుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద (విండోస్ 10లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద) చూడండి. ఆన్‌లో ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీని మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీ నుంచి తీసి కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత ఆఫ్ చేయండి. డిస్క్ మొత్తం డీక్రిప్ట్ అవ్వాలి కాబట్టి టైం పడుతుంది. పూర్తయ్యేదాకా ఆగండి, మధ్యలో షట్‌డౌన్ చేసి హడావుడి పడొద్దు.

కీ రాసుకోవడం ఎందుకంటే, ఎన్‌క్రిప్షన్ పూర్తిగా ఆఫ్ కాకుండా మిగిలిపోతే, తర్వాత బయాస్‌లో (విండోస్ లేవకముందే వచ్చే మెషీన్ సెట్టింగ్స్ తెరలో) సెక్యూర్ బూట్ మార్చినా, స్టోరేజ్ మోడ్ మార్చినా విండోస్ ఆ కీ అడుగుతుంది. కీ లేకపోతే సి డ్రైవ్‌లోని డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

*ఫాస్ట్ స్టార్టప్.* ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలోకి వెళ్తుంది. అప్పుడు సి డ్రైవ్ ఇంకా వాడకంలో ఉన్నట్టే గుర్తు పడి ఉంటుంది. లినక్స్ దాన్ని చదవడానికే ఒప్పుకుంటుంది, రాయడానికి ఒప్పుకోదు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్’ అని కొడితే హైబర్నేషన్, ఫాస్ట్ స్టార్టప్ రెండూ పోతాయి. పైగా హైబర్నేషన్ ఫైల్ ఆక్రమించిన కొన్ని జీబీలు తిరిగొస్తాయి.

*పెండింగ్ అప్‌డేట్లు.* ‘అప్‌డేట్ అండ్ రీస్టార్ట్’ కనిపిస్తుంటే ఆ పని ముగించండి. తర్వాత ‘చెక్‌డిస్క్ సి: /ఎఫ్’ నడిపి రీస్టార్ట్ చేయండి. ఆ కమాండ్‌ని ఇంగ్లిష్‌లో సీహెచ్‌కేడీఎస్‌కే అని ఆరు అక్షరాల్లో కొట్టాలి.

3. జాగా ఖాళీ చేయడం

సి డ్రైవ్‌ని విండోస్‌తోనే కుదించండి. ఇన్‌స్టాలర్ కూడా కుదించగలదు గానీ, విండోస్ ఫైల్ సిస్టమ్ సంగతి విండోస్‌కే బాగా తెలుసు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి మీద రైట్ క్లిక్, శ్రింక్ వాల్యూమ్. అంకె ఎంబీల్లో ఇవ్వాలి:

- 60 జీబీకి 61440
- 80 జీబీకి 81920
- 100 జీబీకి 102400

ఉబుంటుకి 25 జీబీ చాలంటారు. అది వేసి చూసుకోవడానికి మాత్రమే చాలుతుంది. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకి 60, డాకర్ ఇమేజ్‌లూ ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివీ వాడేవాళ్లకి 100 అయినా ఉండాలి. తర్వాత పెంచుకోవడం తలనొప్పి పని. సి డ్రైవ్‌లో కూడా అప్‌డేట్ల కోసం కనీసం 30 జీబీ ఖాళీ మిగలనివ్వండి.

కుదించాక వచ్చే నల్ల గీత గడిని అలాగే వదిలేయండి. ‘న్యూ సింపుల్ వాల్యూమ్’ చేసి దానికి డ్రైవ్ అక్షరం ఇచ్చేస్తే అది ఖాళీ జాగా కాకుండా పోతుంది, ఇన్‌స్టాలర్‌కి ఎక్కడ వేయాలో తెలియదు. డి డ్రైవ్‌ని కుదించినా ఫరవాలేదు. లినక్స్ డిస్క్‌లో ఎక్కడున్నా పని చేస్తుంది.

200 జీబీ ఖాళీ ఉంది, కుదించడానికి మాత్రం 8 జీబీయే ఇస్తోంది: కదలని ఫైల్ ఏదో డ్రైవ్ మధ్యలో కూర్చుంది. విండోస్ దాన్ని దాటి కుదించలేదు. మామూలుగా ఆ ఫైల్ పేజ్ ఫైలో (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునేది), హైబర్నేషన్ ఫైలో, రీస్టోర్ పాయింట్లో అయి ఉంటుంది. ఏదో కచ్చితంగా తెలియాలంటే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అప్లికేషన్ కింద 259 నంబర్ ఈవెంట్ చూడండి, ఫైల్ పేరుతో సహా ఉంటుంది. తర్వాత ఇలా:

1. సిస్టమ్ ప్రొటెక్షన్‌లో సి డ్రైవ్‌కి ఆఫ్ చేసి, ఉన్న రీస్టోర్ పాయింట్లు తీసేయండి.
2. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్, పెర్ఫార్మెన్స్, వర్చువల్ మెమరీలో ‘నో పేజింగ్ ఫైల్’ ఎంచుకుని సెట్ నొక్కండి.
3. రీస్టార్ట్ చేసి, వేరే ప్రోగ్రామ్ ఏదీ తెరవకుండా మళ్లీ శ్రింక్ చేయండి.
4. పని కాగానే 1, 2 తిరిగి ఆన్ చేయండి. పేజ్ ఫైల్ మరిచిపోతే బరువైన ప్రోగ్రామ్‌లు ఉన్నట్టుండి మూతపడతాయి.

ఒక హెచ్చరిక. ఎంబీఆర్ డిస్క్ మీద అయిదో పార్టిషన్ చేయబోతే, ‘డైనమిక్ డిస్క్‌గా మారుస్తాను, సరేనా?’ అని విండోస్ అడుగుతుంది. వద్దనండి. ఒకసారి మారితే ఇన్‌స్టాలర్ ఆ డిస్క్‌ని సరిగా చదవలేదు. వాల్యూములన్నీ చెరిపేస్తే తప్ప విండోస్ దాన్ని వెనక్కి మార్చదు.

4. పెన్‌డ్రైవ్, బూట్ మెనూ

8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. ఉబుంటు లేదా మింట్ ఐఎస్ఓ (ఇన్‌స్టాలేషన్ ఫైల్) దించాక దాని షా256 అంకెని (ఫైల్ చెడలేదని తేల్చే గుర్తు) సైట్‌లో ఇచ్చినదాంతో పోల్చండి. హాస్టల్ వైఫైలో సగంలో తెగిపోయిన డౌన్‌లోడ్‌తో రెండు గంటలు తంటాలు పడేకన్నా ఇది రెండు నిమిషాల పని. ఐఎస్ఓని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ప్రోగ్రామ్ రూఫస్. అందులో మీ కాగితం మీద జీపీటీ అని ఉంటే జీపీటీ, ఎంబీఆర్ అని ఉంటే ఎంబీఆర్ ఎంచుకోండి.

బూట్ మెనూ కీ డెల్, లెనోవో, ఏసర్‌లలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ లాప్‌టాప్‌లలో ఎస్కేప్. ఏసర్‌లో బయాస్‌లోకి వెళ్లి ఎఫ్12 బూట్ మెనూని ఆన్ చేస్తేగానీ ఆ కీ పని చేయకపోవచ్చు.

మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది. విండోస్ ఏ మోడ్‌లో ఉందో దాన్నే ఎంచుకోండి. ఇక్కడ తప్పితే ఇన్‌స్టాలేషన్ అంతా బాగానే అయినట్టు ఉంటుంది, కానీ చివర్లో బూట్ మెనూలో రెండు సిస్టమ్‌లూ కలిసి కనిపించవు. లైవ్ సెషన్‌లోకి (డిస్క్‌లో వేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) వచ్చాక టెర్మినల్‌లో ‘ఎల్ఎస్ /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ’ అని కొట్టండి (సిస్ అంటే ఎస్‌వైఎస్). ఫోల్డర్ ఉంటే యూఈఎఫ్ఐ, లేదంటే లెగసీ.

5. ఇన్‌స్టాల్ నొక్కే ముందు, నొక్కాక

‘ట్రై’ ఎంచుకుని లైవ్ సెషన్‌లో పార్టిషన్లు చూపించే డిస్క్స్ గానీ, జీపార్టెడ్ గానీ తెరవండి. కాగితం పక్కన పెట్టుకుని గడి గడీ పోల్చండి. ఎస్ఎస్‌డీ పేరు చాలావరకు ఎన్‌వీఎంఈ0ఎన్1 అని ఉంటుంది. అలాంటి మెషీన్‌లో ఎస్‌డీఏ అని కనిపించేది మీ పెన్‌డ్రైవే కావచ్చు. పాత సాటా డిస్క్ ఉన్న లాప్‌టాప్‌లో ఎస్‌డీఏ అంటే మీ విండోస్ ఉన్న డిస్కే. పేరుని నమ్మకండి, సైజు చూడండి.

మొదలుపెట్టే ముందు:

☐ చార్జర్ తగిలించి ఉంది (బ్యాటరీ చచ్చిన పాత లాప్‌టాప్ అయితే యూపీఎస్ మీద పెట్టండి. మే నెల మధ్యాహ్నం కరెంటుని నమ్ముకుని పార్టిషన్లు రాయకూడదు)
☐ బయటి హార్డ్ డిస్క్ తీసేశాం
☐ బిట్‌లాకర్ ఆఫ్, రికవరీ కీ కాగితం మీద
☐ బూట్ మోడ్ విండోస్‌తో కలిసింది
☐ ఖాళీ జాగా సైజు కాగితంతో కలిసింది

‘పక్కన ఇన్‌స్టాల్ చెయ్యి’ అనే తేలిక దారి ఉంది. ఒకే డిస్క్, ఒకే ఖాళీ జాగా ఉంటే అది బాగానే పని చేస్తుంది. అయినా మాన్యువల్ దారే మేలు: ఏ గడి చెరుగుతుందో మీ కళ్ల ముందే ఉంటుంది. ఉబుంటు 24.04లో దాని పేరు మాన్యువల్ ఇన్‌స్టాలేషన్, మింట్‌లో సమ్‌థింగ్ ఎల్స్. యూఈఎఫ్ఐ మెషీన్‌లో చేయాల్సినవి రెండే:

1. ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌ని /బూట్/ఈఎఫ్ఐగా వాడమనండి. మింట్‌లో ‘ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్’గా వాడమంటే చాలు. ఫార్మాట్ గడిలో టిక్ ఉండకూడదు. ఉంటే విండోస్ బూట్ ఫైళ్లు పోతాయి.
2. ఖాళీ జాగా మొత్తాన్ని ఈఎక్స్‌టీ4గా (లినక్స్ ఫైల్ సిస్టమ్), మౌంట్ పాయింట్ ‘/’గా (లినక్స్ ఫోల్డర్లన్నిటికీ మొదలు) ఇవ్వండి.

స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే జాగా) పార్టిషన్ అక్కర్లేదు. ఉబుంటు, మింట్ రెండూ స్వాప్ ఫైల్ వాటంతట అవే చేసుకుంటాయి. హోమ్‌ని (మీ ఫైళ్లుండే ఫోల్డర్) వేరే పార్టిషన్‌గా పెట్టుకోమని పాత సలహా ఒకటుంది. 100 జీబీ లోపు జాగాలో దాన్ని పాటిస్తే ఒక గది ఇరుకై, ఇంకో గది ఖాళీగా పడి ఉంటుంది.

చివరి స్క్రీన్‌లో మారబోయే పార్టిషన్ల జాబితా వస్తుంది. ఫార్మాట్ అయ్యేది కొత్త ఈఎక్స్‌టీ4 ఒక్కటే కావాలి. ఇంకే పేరు కనిపించినా వెనక్కి రండి. ఇక్కడిదాకా డిస్క్ మీద ఏమీ రాయలేదు.

6. ఇరుక్కున్నప్పుడు

డిస్కే కనిపించట్లేదు, లేదా ఇంటెల్ ఆర్ఎస్‌టీ అని ఆపేస్తోంది. బయాస్‌లో స్టోరేజ్ కంట్రోలర్ రెయిడ్ లేదా వీఎండీ మోడ్‌లో ఉంది. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. ఉన్నపళంగా మార్చేస్తే విండోస్ నీలి తెర వేస్తుంది, ఎందుకంటే ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ని బూట్‌లో లోడ్ చేసుకోవాలని దానికి ఇంకా తెలియదు. ఈ వరుసలో చేయండి:

1. బిట్‌లాకర్ ఆఫ్ అయిందని మళ్లీ చూసుకోండి. విండోస్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో కూడా. సేఫ్ మోడ్‌లో పిన్ పని చేయకపోవచ్చు.
2. విండోస్‌లో ‘సిస్టమ్ కాన్ఫిగరేషన్’ తెరిచి బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్, మినిమల్ టిక్ చేయండి.
3. రీస్టార్ట్ చేసి నేరుగా బయాస్‌లోకి వెళ్లి వీఎండీ ఆపండి, లేదా ఏహెచ్‌సీఐ ఎంచుకోండి. ఏసర్‌లో ఆ వరస దాగి ఉంటుంది, మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటపడుతుంది.
4. విండోస్ సేఫ్ మోడ్‌లో లేస్తుంది. అక్కడ రెండో మెట్టులో పెట్టిన టిక్ తీసి మళ్లీ రీస్టార్ట్ చేయండి.

రెండు డిస్క్‌లని నిజంగానే రెయిడ్‌గా కలిపి అమ్మిన మెషీన్ అయితే మాత్రం ఇది చేయకండి, డేటా పోతుంది.

డిస్క్ కనిపిస్తోంది, కానీ మొత్తం ఖాళీ అంటోంది. ఇక్కడ ‘కంటిన్యూ’ నొక్కితే విండోస్ పోయినట్టే. డిస్క్ డైనమిక్ అయి ఉండొచ్చు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో తెలుస్తుంది. లేదా ఒకప్పుడు జీపీటీగా ఉన్న డిస్క్‌ని తర్వాత ఎంబీఆర్‌గా మార్చినప్పుడు పాత జీపీటీ ఆనవాళ్లు మిగిలి ఉండొచ్చు. లినక్స్‌లోని ‘ఫిక్స్‌పార్ట్స్’ అనే పరికరం ఆ పాత ఆనవాళ్లను మాత్రమే తీసేస్తుంది. బ్యాకప్ చేతిలో ఉంటేనే వాడండి.

ఖాళీ జాగా పక్కన ‘అన్‌యూజబుల్’. ఎంబీఆర్‌లో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే ఉండగలవు. సిస్టమ్ రిజర్వ్‌డ్, సి, డి, రికవరీతో ఆ నాలుగూ నిండిపోయాయి. ఎంత జాగా ఖాళీ చేసినా అయిదోది రాయడానికి పట్టికలో వరస లేదు. డి డ్రైవ్‌లోది బయటికి కాపీ చేసి, డి తీసేయండి. ఆ జాగాలో ఇన్‌స్టాలర్‌తోనే లాజికల్ పార్టిషన్లు (పట్టికలో ఒక్క వరస లోపలే చేసే ఉప భాగాలు) చేసుకోండి. లినక్స్ లాజికల్ పార్టిషన్ నుంచి కూడా హాయిగా బూట్ అవుతుంది.

ఇంకా మంచి దారి, మెషీన్ యూఈఎఫ్ఐకి ఒప్పుకుంటే: డి తీసేశాక ప్రైమరీలు మూడే మిగులుతాయి. అప్పుడు విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా ‘ఎంబీఆర్2జీపీటీ /వాలిడేట్ /అలౌఫుల్ఓఎస్’ కొట్టండి. తప్పులేవీ లేవంటే వాలిడేట్ బదులు కన్వర్ట్ అని కొట్టండి. వెంటనే బయాస్‌లో లెగసీ తీసి యూఈఎఫ్ఐ పెట్టాలి, లేకపోతే విండోస్ లేవదు.

సి లేదా డి మౌంట్ అవ్వదు, రాయనివ్వదు. ఫాస్ట్ స్టార్టప్ మిగిలిపోయింది. విండోస్‌లోకి వెళ్లి షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కండి. రీస్టార్ట్‌లో విండోస్ పూర్తిగా ఆగుతుంది. లినక్స్ నుంచి బలవంతంగా రిపేర్ చేసే పరికరాలు ఉన్నాయి గానీ, విండోస్ బతికుండగా వాటి అవసరం లేదు.

‘గ్రబ్ ఇన్‌స్టాల్ కాలేదు’ అనే ఎర్ర డబ్బా. గ్రబ్ అంటే ఏ సిస్టమ్ లేవాలో అడిగే లినక్స్ బూట్ మెనూ. ఈఎఫ్ఐ పార్టిషన్‌ని ఎంచుకోలేదు, లేదా పెన్‌డ్రైవ్ వేరే మోడ్‌లో బూట్ అయింది, లేదా ఈఎఫ్ఐ పార్టిషన్ నిండింది. నిండితే విండోస్‌ది కదపకుండా, ఖాళీ జాగాలోంచే 512 ఎంబీ తీసి లినక్స్‌కి మరో ఈఎఫ్ఐ పార్టిషన్ ఇవ్వండి.

రెండు డిస్క్‌ల మెషీన్. లినక్స్‌ని రెండో డిస్క్‌లో వేసినా, మింట్ లాంటి వాటి ఇన్‌స్టాలర్ బూట్ ఫైళ్లను మొదటి డిస్క్‌లోని ఈఎఫ్ఐలోనే పెట్టేస్తుంది, మీరు ఎక్కడ చూపించినా సరే. రెండూ విడివిడిగా ఉండాలంటే, ఇన్‌స్టాల్ చేసేంతసేపు విండోస్ డిస్క్‌ని బయాస్‌లో ఆపండి, లేదా కేబుల్ పీకండి.

పొరపాటున వేరే పార్టిషన్ తీసేశాం. అక్కడే ఆగండి. కొత్తగా ఏదీ ఫార్మాట్ చేయొద్దు. పార్టిషన్ తీసేయడం అంటే పట్టికలో పేరు కొట్టేయడమే, లోపలి డేటా ఇంకా ఉంటుంది. లైవ్ సెషన్‌లో టెస్ట్‌డిస్క్ వేసి వెతికితే చాలాసార్లు దొరుకుతుంది. దాని మీద కొత్త డేటా రాసేశాక దొరకదు.

7. ఇన్‌స్టాల్ అయ్యాక వచ్చే చిక్కులు

*నేరుగా విండోస్ లేస్తోంది:* బయాస్ బూట్ వరుసలో ఉబుంటుని పైకి తీసుకురండి. అక్కడ పేరే లేకపోతే మింట్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి, అందులో బూట్ రిపేర్ ముందే ఉంటుంది.

*గ్రబ్‌లో విండోస్ లేదు:* గ్రబ్ 2.06 నుంచి ఇతర సిస్టమ్‌లని వెతకడం ముందుగా ఆపి ఉంచారు. /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైల్‌లో ‘గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్’ అనే వరస ముందున్న # తీసేయండి. వరస లేకపోతే కలపండి, ఫాల్స్ తప్ప మిగతాది పెద్ద అక్షరాల్లో. తర్వాత ‘సుడో అప్‌డేట్-గ్రబ్’.

*విండోస్‌లో గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోయింది:* లినక్స్ మదర్‌బోర్డ్ గడియారాన్ని యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయం) పెడుతుంది, విండోస్ దాన్నే మన టైం అనుకుంటుంది. లినక్స్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ కొట్టండి.

*లినక్స్ తీసేయాలి:* విండోస్ నుంచి ముందే ఈఎక్స్‌టీ4 పార్టిషన్ తీసేస్తే, రీస్టార్ట్ చేయగానే ‘గ్రబ్ రెస్క్యూ’ నల్ల తెర వస్తుంది. ముందు బయాస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని మొదటికి తెచ్చి, విండోస్ దానంతట అది లేస్తోందని చూసుకోండి. ఆ తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ గడి తీసేయండి. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డు లేకపోతే ఎక్స్‌టెండ్ వాల్యూమ్‌తో ఆ జాగా సి డ్రైవ్‌లో కలుస్తుంది. ఈఎఫ్ఐ పార్టిషన్‌లో మిగిలే ఉబుంటు ఫోల్డర్ కొన్ని ఎంబీలే, దాన్ని అలా ఉండనివ్వొచ్చు.